బాలిలో ఏ గుడికి వెళ్లాలి, ఏ రోజు వెళ్లాలి

బాలికి వెళ్తున్నాం, ఐదు రోజుల్లో ఏ గుళ్లు చూడాలో చెప్పమని అడిగేవాళ్లు ఈమధ్య మా చుట్టాల్లోనూ స్నేహితుల్లోనూ బాగా పెరిగారు. నేను తిరిగి అడిగేది ఒకటే: ఏ తేదీల్లో వెళ్తున్నారు? గుళ్ల పేర్లు ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఎందుకలా అడుగుతానో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి. మొదటిరోజే అమ్మను తానా లోట్‌కు తీసుకెళ్లాను. సముద్రంలో నల్లటి బండ, దాని మీద గుడి, వెనకాల కుంగుతున్న సూర్యుడు. ఒడ్డంతా ఫోన్లు పైకెత్తిన జనం. అమ్మ చాలాసేపు చూసి, "బాగుందిరా నాన్నా. దేవుడేడి?" అంది. నా దగ్గర జవాబు లేదు. రాత్రి ఉబుద్‌లో మేం దిగిన ఇంటావిడను అడిగితే ఆమె చాలా మామూలుగా చెప్పింది: "ఇవాళ ఉండరు. పండగ రోజు దిగి వస్తారు."

బాలి గుడి అంతా ఆ మాటలోనే ఉంది. వాళ్ల 'పురా' అంటే గోడ కట్టిన ఆవరణ, ఆకాశం కింద తెరిచి ఉంటుంది. ఒకదాని తర్వాత ఒకటి మూడు ప్రాకారాలు. లోపలి ప్రాకారంలో కూడా మనకు అలవాటైన గర్భగుడి, రోజూ దర్శనమిచ్చే మూలవిరాట్టు ఉండవు. పద్మాసనం అనే ఎత్తైన రాతి పీఠం ఉంటుంది, దాని పైన కుర్చీ ఖాళీగా ఉంటుంది. నల్లటి నారతో కప్పిన అంతస్తుల కట్టడాలుంటాయి, వాటిని మేరు అంటారు. అంతస్తులు దాదాపు ఎప్పుడూ బేసి లెక్కే, ఎక్కువలో ఎక్కువ 11. గుడి పుట్టినరోజు ఉత్సవాన్ని ఒడలాన్ అంటారు. ఆ రోజున దేవతలను ఆవాహన చేస్తారు. ఖాళీ ఆవరణ ఒక్కసారిగా గొడుగులతో, పళ్ల బుట్టలతో, గమెలాన్ వాద్యాలతో నిండిపోతుంది. ఉత్సవం అయ్యాక దేవతలను సాగనంపుతారు. మామూలు రోజున వెళ్తే మీకు దక్కేది శిల్పం, ప్రకృతి. పూజ కావాలంటే ఒడలాన్ రోజే వెళ్లాలి.

ఇది కష్టం కూడా కాదు. చాలా గుళ్లకు ఒడలాన్ 210 రోజులకొకసారి వస్తుంది, కొన్నిటికి చాంద్రమానం ప్రకారం ఏడాదికొకసారి. ప్రతి సంప్రదాయ గ్రామానికీ కనీసం మూడు గుళ్లుంటాయి, పైగా ఇంటింటికీ ఒక గుడి. అందుకని మీరు ఏ వారంలో వెళ్లినా గంట ప్రయాణంలో ఎక్కడో ఒకచోట ఉత్సవం జరుగుతూనే ఉంటుంది. దిగిన ఇంటివాళ్లనో కారు డ్రైవర్‌నో "ఈ వారం మీ చుట్టుపక్కల ఒడలాన్ ఎక్కడ?" అని అడిగితే చాలు. అందుకే పెద్ద హోటల్ కంటే స్థానిక కుటుంబం నడిపే హోమ్‌స్టే మేలంటాను.

మమ్మల్ని ఆ ఇంటావిడే నాలుగో రోజు తన ఊరి గుడికి తీసుకెళ్లింది. నేను పంచె కట్టుకుని నడుముకు కండువా బిగించుకున్నాను. వెనక వరుసలో నేల మీద కూర్చోమన్నారు. మైకులో ఓం భూర్భువః స్వః అని వినపడగానే అమ్మ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది. వాళ్ల త్రిసంధ్య ప్రార్థన గాయత్రితోనే మొదలవుతుంది. అందరూ పువ్వును వేళ్ల కొసల్లో పట్టుకుని నుదుటి పైకి ఎత్తారు. తర్వాత పూజారి తీర్థం చల్లుకుంటూ వచ్చాడు. వాళ్లు కూడా దాన్ని 'తీర్త' అనే అంటారు. మూడుసార్లు పుచ్చుకుని, మూడుసార్లు ముఖం తుడుచుకుని, తడి బియ్యపు గింజలు నుదుటికి అద్దుకున్నారు. "అక్షింతలే కదరా ఇవి" అంది అమ్మ. తానా లోట్ దగ్గర అడిగిన ప్రశ్న మళ్లీ అడగలేదు.

ఒక్క విషయం ముందే తెలుసుకుని వెళ్లండి. నైవేద్యాల్లో కోడి, పంది మాంసం ఉండొచ్చు, నేల మీద సారా పోస్తారు, కొన్ని క్రతువుల్లో కోడిపందెం కూడా భాగమే. తిరుమలను మనసులో పెట్టుకుని వెళ్తే ఇబ్బంది పడతారు. ఊళ్లో పోలేరమ్మ జాతర చూసి పెరిగినవాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదు.

సముద్రపు గుళ్లు: తానా లోట్, ఉలువాటు

పేరున్న గుళ్ల సంగతికి వద్దాం. చాలామందికి మొదట వచ్చే సందేహం ఈ రెండిట్లో ఏది అని. రెండూ సూర్యాస్తమయానికి పేరు పొందినవే, రెండిటికీ 16వ శతాబ్దంలో జావా నుంచి వచ్చిన నిరర్థ అనే ఆచార్యుడితో సంబంధం ఉంది. తానా లోట్ ఆయన నెలకొల్పినదని చెప్తారు. ఉలువాటు అంతకంటే పాతది, 11వ శతాబ్దపు ఆచార్యుడు ఎంపు కుతురాన్ పేరు చెప్తారు. నిరర్థ అక్కడే మోక్షం పొందాడని నమ్మకం. రెండిట్లోనూ లోపలి ఆవరణలోకి పూజకు వచ్చినవాళ్లను తప్ప రానివ్వరు.

తానా లోట్‌లో ఆటుపోట్లు చూసుకోవాలి. ఆటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు బండ అడుగుదాకా నడిచి వెళ్లి, అక్కడ ఊరే మంచినీటి ఊట దగ్గర తీర్థం తీసుకోవచ్చు. చుట్టూ ఉప్పు సముద్రం, మధ్యలో తియ్యటి నీళ్లు. పోటు మీదుంటే ఒడ్డునుంచి చూడటమే. దారిపొడవునా దుకాణాలు, రద్దీ.

ఉలువాటు దక్షిణాన దాదాపు 70 మీటర్ల కొండకొమ్ము అంచున ఉంది. గుడి చిన్నది, ఆ అంచు వెంట నడక మాత్రం మరిచిపోలేం. సాయంత్రం కెచక్ ప్రదర్శన ఉంటుంది. వాయిద్యాలు లేకుండా పదుల మంది మగవాళ్లు గుండ్రంగా కూర్చుని 'చక్ చక్' అని గొంతులతోనే తాళం నడిపిస్తుంటే రామాయణం ఆడతారు. కెచక్ ఈ రూపంలోకి వచ్చింది 1930ల్లో. ఇది ప్రేక్షకుల కోసం ఆడే ఆటే కానీ, హనుమంతుడు లంకలో నిప్పుల మధ్య నిలబడే ఘట్టం పిల్లలకు తప్పకుండా చూపించాలి. అక్కడి కోతులు కళ్లజోళ్లు లాక్కుపోతాయి, తీసి సంచిలో పెట్టుకోండి.

ఒక్కటే చూసే వీలుంటే ఉలువాటుకు వెళ్లండి. రెండూ ఒకే సాయంత్రం పెట్టుకోవద్దు. దక్షిణ బాలి ట్రాఫిక్‌లో వాటి మధ్య రెండు గంటలు పట్టొచ్చు.

కొండ గుళ్లు: బెసాకి, లెంపుయాంగ్, బటూర్

బాలివాళ్లకు దిక్కులంటే ముందు కజా, కెలోద్. కజా అంటే కొండవైపు, కెలోద్ అంటే సముద్రంవైపు. ఇంట్లో దేవుడి చోటు, పడుకునేటప్పుడు తలవైపు, అన్నీ దాన్నిబట్టే. కొండలన్నిటికీ పెద్దది గునుంగ్ ఆగుంగ్, 3,000 మీటర్లు దాటిన అగ్నిపర్వతం. దాని ఒడిలో బెసాకి ఉంది. 23 గుళ్ల సముదాయం, ద్వీపం మొత్తానికి తల్లి గుడి. నడిమి గుడిలో బ్రహ్మ, విష్ణు, శివులకు మూడు పద్మాసనాలు పక్కపక్కనే ఉంటాయి.

1963లో అక్కడ ఏకాదశ రుద్ర అనే మహాక్రతువు జరుగుతోంది. వాళ్లు 'ఏక దశ రుద్ర' అంటారు, వందేళ్లకొకసారి చేయాల్సింది. ఆ క్రతువు నడుస్తుండగానే ఆగుంగ్ పేలింది. వెయ్యి మందికి పైగా చనిపోయారు. లావా మాత్రం గుడికి కొద్ది మీటర్ల దూరంలోనుంచి పక్కకు పోయింది. క్రతువును మళ్లీ 1979లో చేసి పూర్తి చేశారు. ఇది తెలుసుకుని ఆ మెట్ల కింద నిలబడి పైన కొండను చూడండి, ఆ చోటు బరువు తెలుస్తుంది. పొద్దున్నే వెళ్లాలి, పదింటికల్లా మబ్బు కొండను కప్పేస్తుంది. గైడ్ల ఒత్తిడి గురించి ఒకప్పుడు చాలా ఫిర్యాదులుండేవి. టికెట్ కౌంటర్ దగ్గర తప్ప ఇంకెక్కడా ఎవరికీ డబ్బులివ్వకండి. ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో వాళ్ల పదో నెల పౌర్ణమికి దేవతలందరూ ఇక్కడికి దిగి వస్తారని పెద్ద ఉత్సవం చేస్తారు. ఆ రోజుల్లో వెళ్లగలిగితే మిగతావన్నీ వదిలేసినా ఫర్వాలేదు.

లెంపుయాంగ్ గురించి కాస్త గట్టిగా చెప్తాను. రెండుగా చీల్చినట్టుండే ద్వారం, మధ్యలో ఆగుంగ్ కొండ, కింద కొలనులో వాటి నీడ: ఆ ఫొటో చూసే చాలామంది వెళ్తారు. అక్కడ కొలను లేదు. ఫోన్ కింద అద్దం పెట్టి తీస్తారు. నంబరు తీసుకుని గంటలకొద్దీ కూర్చుంటే నిమిషం పాటు నిలబడనిస్తారు. మా పక్కన కూర్చున్న ఒక కుటుంబం పసిపిల్లతో మూడు గంటలు ఎండలో ఎదురుచూసింది. అసలు లెంపుయాంగ్ ఆ ద్వారం దాటాక మొదలవుతుంది. అడవిలో 1,700 మెట్లకు పైగా ఎక్కితే, దారిలో ఒక్కో గుడీ దాటుకుంటూ శిఖరం మీది గుడికి చేరతాం. తిరుమల మెట్లదారి ఇష్టంగా ఎక్కేవాళ్లకు ఇది నిజంగా నచ్చుతుంది. ఎక్కే ఉద్దేశం లేకపోతే ఉబుద్ నుంచి రెండు గంటలు అంత దూరం పోవద్దు.

ఉలున్ దాను బటూర్ గురించి తక్కువమంది మాట్లాడతారు. 1926లో బటూర్ అగ్నిపర్వతం పేలి కింద ఉన్న ఊరినీ గుడినీ ముంచేస్తే, జనం కింతామణి కొండ అంచుకు వచ్చి మళ్లీ కట్టుకున్నారు. చెరువు దేవత దేవి దాను గుడి ఇది. బాలి పొలాలకు నీళ్లిచ్చే తల్లి ఆవిడే అని రైతుల నమ్మకం. పూజకు వచ్చిన రైతులు కనిపిస్తారు, రద్దీ తక్కువ. బెసాకి దూరమనిపిస్తే నేను ఇక్కడికి వెళ్లమంటాను.

బ్రతాన్ చెరువులో తేలుతున్నట్టుండే ఉలున్ దాను బ్రతాన్ గుడి 2005లో వచ్చిన పాత 50,000 రూపయ్యా నోటు మీద కూడా ఉండేది. అందంగా ఉంటుంది, 1,200 మీటర్ల ఎత్తు కాబట్టి చల్లగా ఉంటుంది. చుట్టూ పార్కు. జాతిలువి వరి పొలాలకు వెళ్లే రోజున దారిలో గంటసేపు ఆగితే సరిపోతుంది.

నీటి గుళ్లు

నన్నడిగితే బాలి మనసు ఇక్కడుంది. అక్కడి మతాన్ని 'ఆగమ తీర్త' అని కూడా పిలుస్తారు, అంటే తీర్థ ధర్మం. తంపక్‌సిరింగ్‌లో తీర్త ఎంపుల్ గుడిని 962లో కట్టారు. లోపలి కోనేటిలో నల్లటి ఇసుకలోనుంచి ఊట బుగ్గలు బుగ్గలుగా పైకి రావడం కళ్లారా కనిపిస్తుంది. మయదనవ అనే రాక్షసరాజు నీళ్లలో విషం కలిపితే ఇంద్రుడు భూమిని గుచ్చి ఈ ఊట పుట్టించాడని కథ. ఆ నీళ్లు వరసగా ఉన్న రాతి ధారల్లోనుంచి స్నానపు కొలనులోకి పడతాయి. ఎడమనుంచి మొదలుపెట్టి ఒక్కో ధార కింద తల ఉంచి శుద్ధి చేసుకుంటారు. దీన్ని మెలుకత్ అంటారు. వాటిలో రెండు ధారలు చనిపోయినవాళ్ల కర్మలకు సంబంధించినవి, వాటిని దాటేయాలి. మీ ముందున్నవాళ్లు ఎలా చేస్తున్నారో చూసి చేయండి.

చిక్కల్లా రద్దీతోనే. పదకొండు గంటలకు వెళ్తే నడుముల్లోతు చల్లటి నీళ్లలో అరగంట క్యూలో నిలబడాలి, మీ ముందున్నవాళ్లు ప్రతి ధార దగ్గరా వీడియో తీసుకుంటూ ఉంటారు. తలుపులు తెరిచే వేళకు వెళ్లండి. లేదా అదే తంపక్‌సిరింగ్‌లో మెంగెనింగ్ అనే చిన్న నీటి గుడి ఉంది, అక్కడికి వెళ్లండి. చెట్ల మధ్య పాత గుడి, కింద ధారలు, నీళ్ల చప్పుడు. స్నానమే ముఖ్యమైతే నా ఓటు మెంగెనింగ్‌కే. ఊటను, కథను, పెద్ద కోనేటిని చూడాలనుకుంటే తీర్త ఎంపుల్.

ఈ రెండిటికీ దగ్గర్లోనే గునుంగ్ కావి ఉంది. పకెరిసాన్ నది లోయలోకి 300 మెట్ల దాకా దిగితే, కొండరాతిలో ఏడు మీటర్ల ఎత్తున గుడి ఆకారంలో చెక్కిన కట్టడాలు నది రెండు వైపులా నిలబడి ఉంటాయి. వాటిని చండీలు అంటారు, మొత్తం 10. 11వ శతాబ్దపు రాజకుటుంబానికి స్మారకాలవి. ఉండవల్లి గుహలు ఇష్టపడేవాళ్లు ఇక్కడ గంటల తరబడి ఉండిపోతారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు మాత్రం ఆ మెట్లు తిరిగి ఎక్కడం చాలా కష్టం. మా అమ్మ పైన టీకొట్లో కూర్చుండిపోయింది. సెబాతులో 'గునుంగ్ కావి సెబాతు' అని ఇంకో నీటి గుడి ఉంది, డ్రైవర్‌కు ఊరి పేరు కలిపి చెప్పండి. మెట్లు దిగలేనివాళ్లకు ఆ సెబాతు గుడే సరైనది, కొలనులు, చేపలు, ప్రశాంతత.

ఈ నీళ్లు గుడి దగ్గర ఆగిపోవు. కాలువల్లో పడి కింది పొలాలకు పోతాయి. ఒకే కాలువ కింది రైతుల సంఘాన్ని సుబాక్ అంటారు. ఎవరికి ఎప్పుడు నీళ్లు, ఎవరు ఎప్పుడు నాటాలి అన్నది నీటి గుళ్లలో పూజతో పాటు కూర్చుని తేల్చుకుంటారు. మన చెరువుల కింద నీరటికాడు చేసిన పనిలాంటిది, కాకపోతే ఊళ్లూ లోయలూ దాటి గొలుసులా కలిసి ఉంటుంది. 1970ల్లో హరిత విప్లవం పేరుతో ఎవరికి వారు ఆగకుండా వరి వేయమంటే పురుగు విపరీతంగా పెరిగింది. అందరూ ఒకేసారి నాటి, ఒకేసారి పొలాలు ఖాళీగా ఉంచితే పురుగుకు తిండి దొరకదన్న పాత లెక్క అప్పుడు అందరికీ అర్థమైంది. 2012లో యునెస్కో సుబాక్ పొలాలను ప్రపంచ వారసత్వంగా గుర్తించింది.

ఆ పొలాలు చూడటానికి తెగలలాంగ్ ఉబుద్‌కు దగ్గర, కానీ ఊయలలు, ఫొటో వేదికలు, కేఫ్‌లు పొలాన్ని మింగేశాయి. జాతిలువికి గంటన్నర ప్రయాణం. అక్కడ కొండవాలంతా పొలమే, గట్ల మీద నడవచ్చు, కాలువ మొదట్లో చిన్న గుడి, పైరులో శ్రీదేవికి పెట్టిన వెదురు గూడు కనిపిస్తాయి. వరి తల్లి పేరు వాళ్లకు 'దేవి శ్రీ'. వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాళ్లు జాతిలువి వదులుకోవద్దు.

న్యెపికా, గలుంగన్‌కా?

న్యెపి వాళ్ల శక సంవత్సరాది. మన పంచాంగంలోని శాలివాహన శకమే అదీ. అందుకే 2026లో న్యెపి, ఉగాది రెండూ మార్చి 19నే, రెండిటికీ శకం 1948. అధిక మాసాన్ని వాళ్లు వేరేగా వేస్తారు కాబట్టి ఒక్కో ఏడు నెల తేడా వస్తుంది: 2027లో న్యెపి మార్చి 8న, మన ఉగాది ఏప్రిల్ 7న. ముందురోజు సాయంత్రం ఒగొ-ఒగొ అనే భూతాల బొమ్మలు వీధుల్లో ఊరేగుతాయి. తెల్లవారి ఆరునుంచి మర్నాడు ఆరుదాకా ద్వీపమంతా మౌనం. దీపం, పని, ప్రయాణం, వినోదం నాలుగూ నిషేధం. విమానాశ్రయం కూడా మూసేస్తారు. మీరూ గది దాటి రోడ్డెక్కకూడదు. ఆ రాత్రి నక్షత్రాలు చూడాలంటే అదృష్టం ఉండాలి. కానీ వారం రోజులైనా లేనివాళ్లు, చిన్నపిల్లలు ఉన్నవాళ్లు టెన్షన్ పడతారు.

గలుంగన్ 210 రోజులకొకసారి బుధవారం వస్తుంది. ధర్మం గెలిచిన పండగ. చనిపోయిన పెద్దలు ఇంటికి వచ్చి పదో రోజు, కునింగన్‌నాడు, తిరిగి వెళ్తారు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టే ఇళ్లలో, పెత్రమాస చేసే ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ప్రతి ఇంటి ముందూ పెంజోర్ అనే వంగిన వెదురుగడ, దానికి కొబ్బరాకు అల్లికలు, వరి కంకులు. రోడ్డు రెండు పక్కలా అవి పందిరిలా వంగి ఉంటాయి. 2026లో జూన్ 17న, ఆ తర్వాత 2027 జనవరి 13న వస్తుంది. మొదటిసారి వెళ్లేవాళ్లకు నేను గలుంగన్, కునింగన్ మధ్య పది రోజులే చెప్తాను. జూన్ ఎండాకాలం కాబట్టి ఇంకా మంచిది, జనవరి వానలకాలం. గలుంగన్ రోజున డ్రైవర్లు దొరకరు, ఆ ఒక్కరోజు దిగిన ఊళ్లోనే ఉండండి.

గుళ్ల కోసమే అయితే ఉబుద్ చుట్టుపక్కల దిగండి. బెసాకి కోసం సిదెమెన్ లోయలో ఒక రాత్రి ఉంటే హాయి. కుట, సెమిన్యాక్ సముద్రపు ఒడ్డు కావాల్సినవాళ్లకు. నెలసరిలో ఉన్నవాళ్లు, ఇంట్లో చావు మైల ఉన్నవాళ్లు గుడి లోపలికి రాకూడదని గుమ్మం దగ్గరే బోర్డు ఉంటుంది. నడుముకు పంచెలాంటి బట్ట, పైన నడికట్టు తప్పనిసరి, చాలాచోట్ల అద్దెకో ఉచితంగానో ఇస్తారు. శాకాహారులకు తెంపే (పులియబెట్టిన సోయా ముద్ద), టోఫు, గదో-గదో (వేరుశనగ పచ్చడితో కూరగాయలు) దొరుకుతాయి, కానీ పచ్చళ్లలో రొయ్యల ముద్ద కలుపుతారు. 'తన్‌పా తెరాసి' అంటే అది వేయొద్దని.

మూడే రోజులుండి, వెంట పెద్దవాళ్లుంటే ఇలా వెళ్లండి: ఒక పొద్దున తలుపులు తీసే వేళకు తీర్త ఎంపుల్, అక్కడినుంచి సెబాతు. రెండో రోజు బ్రతాన్ మీదుగా జాతిలువి. మూడో రోజు సాయంత్రం ఉలువాటు. ఈ మూడిట్లో ఏ రోజున దగ్గర్లో ఒడలాన్ ఉందని తెలిసినా, ఆ రోజుకు రాసుకున్న గుడి కొట్టేసి అక్కడికి వెళ్లండి.